నేను పూడిక మట్టిని

నేను పుట్టింది ఎర్ర చెల్కలోనే. వానొచ్చినప్పుడల్లా చాళ్ల వెంట కొట్టుకుపోయి ధర్మసాగర్ మండలంలోని ఒక చిన్న కుంటకు చేరాను. ఇసుక దారిలోనే ఆగిపోయింది. మెత్తటి బంకమట్టి, కుళ్లిన ఆకు, పశువుల పేడ నాతో వచ్చాయి. దేవాదుల ఎత్తిపోతలతో ధర్మసాగర్ పెద్ద చెరువుకు గోదావరి వచ్చింది గానీ, మా కుంటకు వానే దిక్కు.

2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక ఎండకాలంలో జేసీబీ దిగింది. అప్పుడు తవ్వడం సర్కారు వంతు, తోలుకోవడం రైతు వంతు. ఎండిన పెళ్లలుగా, నత్తగుల్లలతో సహా ట్రాక్టరెక్కి మళ్లీ చెల్కకే వచ్చాను. పెద్దాయన ఒక పెళ్ల నలిపి చూసి కొడుకునడిగాడు:

"గింత నల్లమట్టి తోలినంక మళ్ల గన్ని యూరియా బస్తాలెందుకురా?"

"అందరేస్తున్నరు బాపూ, మనమెయ్యకుంటె ఎట్ల?"

పెద్దాయన మాటే నా మాట. మెదక్ జిల్లా చెరువుల పూడికను ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే టన్నుకు ముప్పావు కిలోకు దగ్గరగా నత్రజని తేలింది. మూడేసి టన్నుల చొప్పున ఎకరానికి 20 ట్రాక్టర్లు తోలితే, రెండు యూరియా బస్తాల నత్రజని వచ్చినట్టే. అయితే అది ఒక్క పంటకే అందదు. సేంద్రియ రూపంలో ఉన్నదాన్ని సూక్ష్మజీవులు కొద్దికొద్దిగా అమ్మోనియంగా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియాన్ని నా బంకకణాలు పట్టి ఉంచుతాయి. నైట్రేట్ మాత్రం నాకు చిక్కదు. పైరు పీల్చుకోకపోతే నీళ్లతో దిగి బావిలో కలుస్తుంది. నా మీద మామూలు మోతాదు యూరియా ఒకేసారి గుమ్మరిస్తే పోయేది ఇంకా ఎక్కువ.

నాలాగే పొలం దాటి తిరిగొచ్చే మట్టి వేరేచోటా ఉంది. యూరప్‌లో చక్కెర దుంపలకంటిన మట్టిని ఫ్యాక్టరీలో కడిగి, గుంటల్లో పేరనిచ్చి, మళ్లీ పొలాలకు పంపుతారు. పైరు లేని నేలలో పరిస్తే చలికాలపు వానలకు నైట్రేట్ పోతుందని అక్కడా ఇదే బెంగ. ఇక్కడ పసుపు కొమ్ములకంటిన మట్టిని చేనులోనే దులిపేస్తారు. పసుపు చేను మట్టి చుట్టాలు అదృష్టవంతులు, ఊరు దాటే పని లేదు!

నన్ను గట్టున కుప్పగా వదిలేసిన రైతులూ ఉన్నారు. తొలకరి జల్లుకు కుప్పలోని నైట్రేట్ కారిపోయింది, మెత్తటి మట్టి మళ్లీ కుంట దారి పట్టింది. అది నాకు అస్సలు నచ్చని ప్రయాణం.

ఈ ఎండకాలం మట్టి తోలించేవాళ్లు వానలకు ముందే పరిచి దున్నండి. మట్టి పరీక్ష చేయించి, యూరియా తగ్గించి, దఫదఫాలుగా వేయండి.