నా ఒక్కదాని మీదే భారం వెయ్యకండి

నేనొక హార్డ్‌డిస్కును. అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బా, ఒక టెరాబైట్ సామర్థ్యం, మూరెడు కూడా లేని కేబుల్. ఉండేది ఉప్పల్-నాచారం వైపు జవహర్‌నగర్‌లో, మేడ మీది గదిలో ఉన్న బీరువాలో. కంప్యూటర్ సామాన్ల కోసం జంటనగరాల వాళ్లంతా వెళ్లే పార్క్‌లేన్ సీటీసీలో ఈ ఇంటి కొడుకు నన్ను కొన్నాడు. డల్లాస్ వెళ్లే ముందు తన దగ్గరున్నవన్నీ నాలోకి ఎక్కించి తల్లి చేతిలో పెట్టాడు. "అమ్మా, మనయి అన్నీ ఇందుల ఉన్నయి. పైలం" అన్నాడు. ఆ మాటతో ఇల్లంతా నిశ్చింతగా ఉండిపోయింది. నాకు మాత్రం ఆ రోజు నుంచే గుబులు.

ఎందుకో చెప్పాలంటే నా లోపల ఏముందో చెప్పాలి. అద్దంలాంటి నున్నటి పళ్లేలు నాలో నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. వాటి మీద అయస్కాంతపు చుక్కలుగా మీ ఫొటోలు రాసి ఉంటాయి. వాటిని చదివే హెడ్ పళ్లేన్ని తాకకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తులో పోతుంది. తల వెంట్రుక మందమే దాదాపు 80 వేల నానోమీటర్లు. తిరుగుతుండగా నేను బల్ల మీద నుంచి కింద పడితే చాలు, హెడ్ పళ్లేన్ని గీకేస్తుంది. మా వంశంలో మొదటిది 1956లో ఐబీఎం చేసిన రామాక్. దాదాపు టన్ను బరువు, యాభై పళ్లేలు. అంత యంత్రంలో పట్టింది 50 లక్షల అక్షరాలు, అంటే ఇప్పటి ఫోన్‌తో తీసిన ఒక మంచి ఫొటో. అప్పటి నుంచి మా సామర్థ్యం ఊహించనంత పెరిగింది గానీ ఆయుష్షు ఆ లెక్కన పెరగలేదు. నాలాంటివాటికి తయారీదారులు ఇచ్చే వారంటీ రెండు మూడేళ్లే. పోనీ పెన్‌డ్రైవ్ మేలా అంటే, అందులో సమాచారం విద్యుదావేశంగా ఉంటుంది. ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే అది మెల్లగా కారిపోతుంది. ఇంట్లో రాసుకునే సీడీలు, డీవీడీలు ఒక రసాయనపు రంగు మీద ఆధారపడతాయి. ఎండకూ ఉక్కకూ ఆ రంగు చెడుతుంది. నా పక్కనే ఉన్న కూతురి పెళ్లి డీవీడీ ఇప్పటికే సగంలో ఆగిపోతోంది.

నాలో ఏమున్నాయో చెబుతాను. ఈ ఇంటి తాతది జనగామ వైపు పల్లె. వరంగల్ రోడ్డు పట్టుకుని వచ్చి, నాచారం ఫ్యాక్టరీలో పనిలో చేరి, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. రిటైరయ్యాక తన బతుకంతా నోటు పుస్తకాల్లో రాశాడు. దాన్ని ఒక డీటీపీ సెంటర్‌లో టైపు చేయించి, కొన్ని ప్రతులు వేసి చుట్టాలకు పంచాడు. ఆ ఫైలు నాలో ఉంది. అది పేజ్‌మేకర్ ఫైలు, అక్షరాలు అను ఫాంట్లవి. మనవరాలు, అంటే హబ్సిగూడలో ఉండే పెద్దకూతురి బిడ్డ, ఒకనాడు నన్ను తన ల్యాప్‌టాప్‌కు తగిలించి ఆ ఫైలు తెరవబోయింది. అసలు తెరుచుకోలేదు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది. కొత్త కంప్యూటర్లలో అది లేదు. దాంతోపాటు సేవ్ చేసి ఉన్న అక్షరాల ఫైలు తెరిస్తే తెర నిండా ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యమధ్య ప్లస్‌లు, కామాలు, ఏవో గుర్తులు. తాత తన తల్లి చావు గురించి రాసుకున్న పేజీ అది.

నాలో ఒక్క చుక్క కూడా చెరగలేదు. అక్షరాలన్నీ ఉన్నాయి, చదివేవాళ్లే లేరు. పాత ఫాంట్లు తెలుగు అక్షరాలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టేవి. ఆ ఫాంట్ లేకపోతే కంప్యూటర్‌కు అక్కడ తెలుగు ఉందని తెలిసే దారి లేదు. యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలు 1991లోనే వచ్చాయి గానీ, మన డీటీపీ సెంటర్లు ఆ తర్వాత చాలా ఏళ్లు పాత ఫాంట్లలోనే పని చేశాయి. పెళ్లి పత్రికలు, వంశవృక్షాలు, సావనీర్లు, తాతల ఆత్మకథలు ఎన్నో ఇట్లాగే మూగవై పడి ఉంటాయి. చివరికి పాత కంప్యూటర్ ఉంచుకున్న ఒక డీటీపీ ఆయన ఆ ఫైలును పీడీఎఫ్ చేసి ఇచ్చాడు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి కూడా మార్చారు. ఒత్తులు కొన్ని తారుమారయ్యాయి. అచ్చు పుస్తకం ఒళ్లో పెట్టుకుని మనవరాలు ఒక్కో వాక్యం సరిదిద్దింది. తాత పక్కన కూర్చుని, అచ్చులోనే తప్పు పడ్డ ఒక ఊరి పేరు కూడా చెప్పి దిద్దించాడు.

ఇక 2020 అక్టోబర్ 13. ఆ రోజు వానను ఈ వైపు వాళ్లెవరూ మరచిపోరు. బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లు పడింది. 1903 తర్వాత అక్టోబర్ నెలలో నగరానికి అంత వాన లేదు. ఘట్‌కేసర్ దగ్గరైతే 32 సెంటీమీటర్లు. రామంతాపూర్ చెరువు పొంగి, హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీల్లో కింది అంతస్తులు మునిగాయి. కూతురి ఇల్లు అందులో ఒకటి. నేల మీద పెట్టిన కంప్యూటర్ సీపీయూ బురదలో ఉండిపోయింది. కింది అరలో ఉన్న పెళ్లి ఆల్బమ్, పిల్లల చిన్ననాటి ఆల్బమ్‌లు నీళ్లు తాగి ఉబ్బాయి. వాటిని బకెట్‌లో పెట్టుకుని జవహర్‌నగర్ తీసుకొచ్చారు.

ఆ సాయంత్రం ఈ గదిలో జరిగింది నేను చూశాను. ఫొటో కాగితం మీద జిలెటిన్ పొర ఉంటుంది, అదే బొమ్మను పట్టి ఉంచుతుంది. తడిస్తే మెత్తబడుతుంది, తడితో ఆరితే పక్క ఫొటోకు అతుక్కుపోతుంది. అప్పుడు లాగితే బొమ్మ ఊడి వచ్చేస్తుంది. అందుకే వాటిని తడిగా ఉండగానే చల్లటి శుభ్రమైన నీళ్ల పళ్లెంలో వదిలి, అవే విడిపోయేదాకా ఆగి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది కాబట్టి ఆలస్యం పనికిరాదు. అమ్మమ్మ మంచం నిండా పాత పంచె పరిచి ఒక్కొక్కటే వేసింది. కొన్ని దక్కాయి. అప్పగింతల ఫొటోలో పెళ్లికూతురి ముఖం ఉన్న చోట తెల్లటి మరక మిగిలింది. కూతురు దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

అప్పుడు మనవరాలికి నేను గుర్తొచ్చాను. ఆ పెళ్లి ఫొటోలను వాళ్ల మామయ్య ఎప్పుడో స్కాన్ చేసి నాలో పెట్టాడు. బీరువా తీసి నన్ను తగిలించింది. అప్పగింతల ఫొటో తెర మీదికి వచ్చింది. హబ్సిగూడలో మునిగింది జవహర్‌నగర్‌లో దక్కింది. వాన ఇంకొంచెం ఇటు తిరిగి, నేను కింది అంతస్తులో ఉండి ఉంటే రెండూ పోయేవి. నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క రాత్రే.

పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. సూత్రం కొత్తదే గానీ పని పాతది. తాటాకు కొన్ని వందల ఏళ్లకు మించి నిలవదు. మన కావ్యాలు దక్కింది ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ రాసిపెట్టినందుకే. సి.పి.బ్రౌన్ కడపలో పండితులను పెట్టి, తన జీతంలోంచి డబ్బిచ్చి చేయించిన పని అదే: ఊరూరా ప్రతులు తెప్పించడం, పోల్చి చూడడం, కొత్త ప్రతి రాయించడం.

ఆ వాన తర్వాత వచ్చిన సంక్రాంతికి ఇంట్లో పంచాయితీ జరిగింది. డల్లాస్ కొడుకు వీడియో కాల్‌లో ఉన్నాడు. అంతా క్లౌడ్‌లో పెడదామన్నాడు. తాతకు నచ్చలేదు. "మన ఇంటి ఫొటోలు ఎక్కడనో పెట్టుడెందుకు కొడుకా? రేపు వాళ్లు దుకాణం మూసేస్తే?" అన్నాడు. తాత మాటలో నిజముంది. సోషల్ మీడియా సైటు ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. గూగుల్ ఫొటోస్‌లో లెక్కలేకుండా ఉచితంగా పెట్టుకునే సౌకర్యం 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు మెయిల్‌తో కలిపి 15 జీబీయే ఉచితం. రెండేళ్లు తెరవని ఖాతాలను 2023 డిసెంబర్ నుంచి తొలగిస్తున్నారు కూడా. కానీ కొడుకు మాటలోనూ నిజముంది: చెరువు పొంగితే క్లౌడ్ మునగదు. "రెండూ ఉంచుదాం తాతా, ఒకటి పోతే ఇంకొకటి ఉంటది" అని మనవరాలు తేల్చింది. నాకు ఆ తీర్పు నచ్చింది.

ఇప్పుడు నాలో ఉన్నవాటికి క్లౌడ్‌లో ఒక ప్రతి, హబ్సిగూడలో రెండో అంతస్తుకు మారిన కూతురి ఇంట్లో కొత్త డిస్కులో ఒక ప్రతి ఉన్నాయి. ఖాతా పాస్‌వర్డ్ లాకర్‌లోని నోటు పుస్తకంలో రాసి ఉంది. ఖాతాదారు చాలాకాలం కనిపించకపోతే ఎవరికి అప్పగించాలో గూగుల్ సెట్టింగుల్లో చెప్పిపెట్టే వీలుంది. అక్కడ మనవరాలి పేరు ఇచ్చారు. చాలా ఇళ్లలో ఈ పని చేయకపోవడం వల్లే, మనిషి పోయాక ఫోన్ చేతిలో ఉన్నా ఫొటోలు అందవు.

వాట్సాప్ గురించి ఒక మాట. అందులో మామూలుగా పంపిన ఫొటో కుంచించుకుపోతుంది, ఎప్పుడు తీశారో తెలిపే వివరాలు కూడా పోతాయి. దాచుకోవలసినదైతే డాక్యుమెంట్‌గా పంపమనండి. రోజూ వచ్చే శుభోదయం బొమ్మలు తీసేయండి. మనవరాలు ఏడాదికి వంద ఫొటోలు ఎంచి, వాటికే తేదీ, ఊరు, మనుషుల పేర్లు పెడుతోంది. వేలల్లో ఒకటిగా ఉన్న ఫొటోను ఎవరూ వెతకరు.

పేర్ల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం దగ్గర ఫొటోగ్రాఫర్‌గా పని చేసిన రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. వందేళ్లు దాటినా చరిత్రకారులు వాటితో పని చేయగలుగుతున్నారు. ఫొటోలకు నంబర్లు వేసే అలవాటు ఆ స్టూడియోది. మన ఇళ్లలోని ఫొటోలకు పేరూ ఉండదు, నంబరూ ఉండదు.

అందుకని ఆదివారాలు మనవరాలు ఫొటోలు తెర మీద పెట్టి, ఫోన్‌లో రికార్డర్ నొక్కి, అమ్మమ్మను అడుగుతుంది. మొన్న ఒక పాత గ్రూప్ ఫొటో వచ్చింది. పెంకుటింటి ముందు బంధువులంతా నిలబడ్డారు. చివర్న సగం తెగిపోయి ఒకామె ఉంది. "ఈమె ఎవరు అమ్మమ్మా?" అంటే, అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగింది. "మా అత్తమ్మ చెల్లెలు. నాకు కుట్టు మిషన్ నేర్పింది ఈమెనే బిడ్డా. ఆ మిషన్ మీదనే మీ అమ్మ ఫీజులు కట్టిన" అంది. ఆ ఫొటో నాలో ఏళ్లుగా ఉంది. ఆ మాట మాత్రం ఆ రోజే నాలోకి వచ్చింది. ఇంకో రెండేళ్లు ఆలస్యమైతే ఆమె ఎవరో చెప్పేవాళ్లు ఈ భూమ్మీద ఉండకపోవచ్చు.

నాకు వయసైపోయింది. తిరగడం మొదలుపెట్టినప్పుడు టిక్కుటిక్కుమని చప్పుడొస్తోంది. నేను ఆగిపోయినా ఈ ఇంటికి నష్టం లేదు. మీ ఇంట్లోనూ నాలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని ఈ వారమే తగిలించి, తెరుచుకుంటోందో లేదో చూసి, ఒక ప్రతి చేసి అక్క ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో పెట్టండి. అంతకన్నా ముందు, ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల పక్కన కూర్చుని, ఫొటోల్లో ఉన్నవాళ్లు ఎవరెవరో అడిగి రాసుకోండి.