కనిపించీసింది మేడం!

ఆయన్ని ఊళ్లో ఇంటిపేరుతో పిలుస్తారు, కాలేజీలో రోల్ నంబరుతో పిలుస్తారు. బయాలజీ ల్యాబులో మాత్రం ఆయనది ఒకటే పేరు: కనిపించీసింది గారు. భోగాపురం చుట్టుపక్కల ఏ జూనియర్ కాలేజీకి వెళ్లినా బైపీసీ బ్యాచిలో ఈయన ఒకరుంటారు. ఒక్కరే ఉంటే ఆ ఏడాది మేడం అదృష్టం బాగున్నట్టు.

గుర్తుపట్టడం సులువు. మిగతా పిల్లలు మైక్రోస్కోపు అద్దాన్ని కిటికీ వైపు తిప్పుకుంటూ, ఏ కన్ను మూయాలో తేల్చుకుంటూ, వెలుగు దొరక్క సతమతమవుతుంటారు. ఈయన వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఇలా వంగి అలా లేస్తాడు. రెప్పపాటు పట్టదు.

"కనిపించీసింది మేడం!"

"ఏటి కనిపించింది?"

"అదే మేడం... కణం."

"ఎలగుంది?"

"గుండ్రంగా ఉన్నాది మేడం. సుట్టూ నల్ల గట్టు. లోపల మెరుస్తన్నాది."

అది గాలి బుడగ. కవర్ స్లిప్పును ఒక అంచు నీటిబొట్టుకు ఆనించి, సూది ఊతంతో ఏటవాలుగా, నెమ్మదిగా దించాలి. మనవాడు క్యారమ్ బోర్డు మీద స్ట్రయికర్ వేసినట్టు పైనుంచి వేస్తాడు. గాలి లోపలే చిక్కుకుంటుంది, దానికి ఈయన కేంద్రకం కూడా పెట్టి రికార్డులో గీసేస్తాడు. కవర్ స్లిప్పు మీద సుతారంగా సూది ఆనించి చూడు, బుడగైతే జారుతుంది అని మేడం చెబుతుంది. ఐపీస్ తిప్పినప్పుడు దాంతోపాటు తిరిగేది దుమ్ము, స్లైడు జరిపితే జరిగేది సరుకు అని కూడా చెబుతుంది. ఈయనకు ఇవేవీ అక్కర్లేదు. వెలుగు చాలని వేళ తన కనురెప్ప వెంట్రుకల్నే చూసి, పారమీషియం సీలియా అని గీసి, సంతకం చేయించుకున్న ఘనుడు.

సెక్షన్ కోయడంలో ఈయనది మరో ప్రతిభ. మా వైపు గోగు మొక్కకు కొదవ లేదు, కాబట్టి గోగు కాడ ఇస్తారు. దాన్ని క్యారెట్ ముక్క మధ్యలో ఇరికించి, కొత్త బ్లేడు తడిపి, ఒకే వైపు లాగుతూ పాతిక ముక్కలు కోసి నీళ్లలో వెయ్యాలి. వాటిలో అన్నిటికన్నా పల్చనిదాన్ని బ్రష్షుతో ఎత్తి, సాఫ్రనిన్‌లో ముంచి, కడిగి, గ్లిజరిన్ చుక్కలో పెట్టాలి. అప్పుడు మైక్రోస్కోపులో మధ్యన దవ్వ, దాని చుట్టూ ఎర్రగా దారువు, ఆ బయట పోషక కణజాలంలో గుత్తులు గుత్తులుగా నారపోగులు కనిపిస్తాయి. విజయనగరం జిల్లా జూట్ మిల్లులకు పని పెట్టిన గోగునార ఆ గుత్తులే. తాత గోగు కట్టలు కుళ్లబెట్టి నార తీసినవాడైనా, ఆ నార కాడలో ఎక్కడుంటుందో మనవడు చూడడు. ఆయన కోసేది ఒకటే ముక్క, అది పులుసులోకి బాగా పనికొస్తుంది. దాని గుండా వెలుగు పోదు. చీకటిగా ఉంటే "హై పవర్ పెట్టీమంటారా మేడం?" అని అడుగుతాడు. పెద్ద స్క్రూ గిర్రున తిప్పుతాడు. టప్పుమని కవర్ స్లిప్పు పగులుతుంది. "కనిపించీసింది" అనడం మాత్రం ఆగదు.

రికార్డు చూస్తే కళ్లు చెమరుస్తాయి. అమ్మ గాజు పెట్టి గీసిన గుండ్రాలు, చెక్కిన పెన్సిలు, కుడివైపు బారులు తీరిన పేర్లు. అంతా సీనియర్ రికార్డులోంచి దింపినదే. ఆ సీనియర్ తన సీనియర్ దగ్గర దింపాడు. ఎప్పుడో ఒక మహానుభావుడు దారువు దగ్గర దవ్వ అని రాశాడు. అప్పటినుంచి అది ఆస్తిలా చేతులు మారుతూ వస్తోంది. దిద్దాల్సిన పెద్దల ఎర్ర సంతకం దాని కిందే ఏటేటా పడుతోంది.

ఇక కొలతలు. భోగాపురంలో పుట్టినవాడికి కొలతలు నేర్పాలా అని మీకు అనుమానం రావచ్చు. నిజమే. విమానాశ్రయం మాట పుట్టినప్పటినుంచి ఇక్కడ పసివాడు కూడా సెంటు అంటే 48.4 గజాలని నిద్రలో చెబుతాడు. మనవాడైతే ఎకరాన్ని ప్లాట్లుగా విడగొట్టి, రోడ్లకు పోను ఎంత మిగులుతుందో వేళ్ల మీద లెక్కగట్టేస్తాడు. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రోమీటరు అంటారనే సరికి మొహం ముడుచుకుంటాడు. విమానాశ్రయం రన్‌వే 3.8 కిలోమీటర్లు కదా, అందులో ఎన్ని మైక్రోమీటర్లున్నాయో చెప్పమంది మేడం. 380 కోట్లు. కోట్లు అన్నాక కాస్త హుషారొచ్చింది, గజం ఎంత పలుకుతుందో కూడా అడగబోయాడు.

అసలు గొడవ ఐపీస్‌లో ఉండే స్కేలుతో వచ్చింది. ఆ గీతలకు సొంత విలువ ఉండదు. ఒక మిల్లీమీటరును వంద భాగాలు చేసిన గాజు స్లైడు కింద పెట్టి, పై గీతలూ కింది గీతలూ ఎక్కడ కలిశాయో చూసి విలువ కట్టాలి. కింది గీత ఒక్కోటి 10 మైక్రోమీటర్లు. పైవి పది గీతలు కిందివి పద్నాలుగింటితో సరిపోతే, పై గీత విలువ 14. లో పవర్ మార్చి హై పవర్ పెడితే ఈ లెక్క చెల్లదు, మళ్లీ మొదటినుంచి కట్టాలి. దీన్ని మనవాడు ఒప్పుకోడు. "అదెలగ మేడం? ఏ సర్వేయరొచ్చినా గజం గజమే కదా!"

ఆ సరంజామా లేని కాలేజీలకు సులువు దారి ఉంది. ప్లాస్టిక్ స్కేలునే లో పవర్ కింద పెట్టి, కనిపించే గుండ్రం అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లో చూడాలి. 1.8 వచ్చిందనుకోండి. అందులో పొడవు వారగా ఆరు ఉల్లి కణాలు పడితే, ఒక్కోటి 0.3 మిల్లీమీటర్లు, అంటే 300 మైక్రోమీటర్లు. మనవాడు ఇంకా సులువు దారి కనిపెట్టాడు. రికార్డులో తాను గీసిన బొమ్మ మీదే స్కేలు పెట్టి "ఉల్లి కణం పొడవు 3 సెం.మీ." అని రాశాడు. ఆ లెక్కన ఉల్లిపాయ రెండంతస్తుల మేడంత ఉండాలి.

పరీక్షల్లో గట్టెక్కుతాడా? భేషుగ్గా. ఏళ్ల తరబడి బోటనీకి 30, జువాలజీకి 30 ప్రాక్టికల్ మార్కులు ఉంటూ వచ్చాయి. వాటికోసం ఆయనకు సొంత శాస్త్రం ఉంది. మూల విరిగిన స్లైడు మృదులాస్థి, లేబుల్ మీద సిరా మరక ఉన్నది రక్తం, పచ్చటి కాగితం అంటించినది యూగ్లీనా. ఎగ్జామినర్ కొత్త స్లైడు తెచ్చిన రోజున మాత్రం, కడిగిన గాజులా శుభ్రంగా ఉన్న ఆ ముక్కను చూసి మొదటిసారి నోరు పెగలదు.

కాలేజీ దాటాక ఈయన మాయమైపోడు. లేఅవుట్ల దగ్గర కనిపిస్తాడు. సరుగుడు తోటల నడుమ నిలబెట్టి, "మేడ కట్టీసి పైకెక్కితే విమానాలు కనిపించీస్తాయండి" అంటాడు. అక్కడ చెల్లుతుంది. చెల్లని చోటు తీరం వెంబడి రొయ్యల హేచరీలు. వనామీ రొయ్య పిల్ల గుడ్డులోంచి నాప్లియస్‌గా వస్తుంది, ఆ దశలో తిండి తినదు. జోయియా కాగానే తినాలి. తిన్నదీ లేనిదీ మైక్రోస్కోపులో పేగు చూసి చెప్పాలి. పేగు ఖాళీగా ఉన్నా "నిండుగా కనిపించీసిందండి" అన్నవాడికి తెల్లారేసరికి ట్యాంకు అడుగున జవాబు ఉంటుంది. దానికి సంతకం పెట్టే మేడం ఉండదు, లెక్క అడిగే ఓనరుంటాడు.

నిజంగా చూడడమంటే ఏమిటో చెప్పే కథ ఒకటుంది. మన తెలుగు నేల మీదే సికింద్రాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. అంతకుముందు రెండేళ్ల పాటు దోమల్ని కోసి కోసి వెతికాడు. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు స్క్రూలు తుప్పు పట్టాయి. కనబడనన్నాళ్లూ వెతుకుతూనే ఉన్నాడు, కనబడ్డాకే కనబడిందన్నాడు.

కనిపించీసింది గారిని ఒక్కణ్నే తిట్టి లాభం లేదు. ఇరవైమందికి ఒక మైక్రోస్కోపు పెట్టి, వెనక్కి వరస కట్టించి, "త్వరగా చూడరా" అని తోసేది మనమే. కనబడలేదంటే మొద్దు అని, కనబడిందంటే చురుకు అని పేరు పెట్టేదీ మనమే. కాబట్టి ఎగ్జామినర్లకు ఒక మనవి. వరస చివర్లో ఒక గుంట ఉంటుంది. పావుగంట స్క్రూ తిప్పి, చెమట తుడుచుకుని, "నాకేటీ కనబళ్లేదు మేడం" అంటుంది. సగం మార్కులు ఆ పిల్లకు అక్కడే వేసెయ్యండి. ఆ గదిలో నిజంగా చూసింది ఆమె ఒక్కతే.