గుమ్మం వైపు తెరిచిన కన్ను: ఇంటి కెమెరా ఆత్మకథ

తన కథను తానే చెప్పుకుంటున్న ఈ ఇంటి కెమెరాకు పుట్టిల్లు న్యూయార్క్ నగరంలోని క్వీన్స్. అక్కడ మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు వేళాపాళా లేని డ్యూటీల వల్ల తరచు ఇంట్లో ఒంటరిగా ఉండవలసి వచ్చేది. ఆ పేటలో నేరాలు ఎక్కువ, కబురందినా పోలీసులు వెంటనే వచ్చేవారు కారు. ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ అయిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి ఆమె ఇంటికి కెమెరా కాపలా ఏర్పాటును రూపొందించి 1966లో దరఖాస్తు చేయగా, 1969 డిసెంబరు 2న పేటెంటు, అంటే కనిపెట్టినవారికి చట్టం ఇచ్చే ప్రత్యేక హక్కు, మంజూరైంది. క్లోజ్డ్ సర్క్యూట్ టెలివిజన్, అంటే ఊరందరికీ కాక నిర్ణీత తెరకు మాత్రమే బొమ్మను చేర్చే పద్ధతి, అప్పటికే ఉన్నా, 1942లో జర్మన్లు దానిని రాకెట్లను దూరం నుంచి గమనించడానికి వాడినా, గుమ్మం దగ్గరికి తెచ్చినవారు బ్రౌన్ దంపతులే.

తలుపులో వేర్వేరు ఎత్తుల్లో కన్నాలుండేవి. వచ్చినవారు పొడుగరైనా పసివాడైనా ముఖం కనిపించేలా కెమెరా పైకీ కిందికీ కదిలేది. పడకగదిలోని తెర మీద ఆ బొమ్మ చూసి, మైకులో మాట్లాడి, నమ్మకం కుదిరితే మీట నొక్కి గడియ తీయవచ్చు, అనుమానం కలిగితే అలారం మోగించవచ్చు. ఈ కెమెరా తన జన్మలో అన్నిటికన్నా గర్వపడేది ఇందుకే: అది బయటికి చూసేది, చూపు మీద అధికారమంతా లోపల ఉన్న మనిషిదే.

తరువాతి తరాల్లో ఆ చూపు లోపలికి తిరిగింది. నేటి కెమెరా పగలు కంటికి కనిపించని పరారుణ కాంతిని ఒక పలుచని ఫిల్టరుతో ఆపుతుంది. చీకటి పడగానే ఆ ఫిల్టరు చిన్నగా టిక్కుమని పక్కకు తప్పుకోగా, చుట్టూ ఉన్న చిన్న దీపాల పరారుణ వెలుగులో గది నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. అమెరికాలోని కొడుకు హైదరాబాదులోని తల్లి మంచం దిగిందో లేదో చూసుకోగలగడం మేలే, ఆమె ఒప్పుకుని ఉంటే. ఆ బొమ్మ మాత్రం ఇప్పుడు పడకగదిలోని తెర దగ్గర ఆగడం లేదు; చాలా కెమెరాల్లో అది క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా అందే కంపెనీ కంప్యూటర్లకు, వెళుతుంది. ఫ్యాక్టరీ పెట్టిన పాస్‌వర్డును మార్చకుండా వదిలేసిన పరికరాలను 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం లక్షల్లో వశపరచుకుని వెబ్‌సైట్ల మీద దాడులకు వాడింది. వాటిలో తన జాతివి చాలా ఉండటం ఈ కెమెరాకు నేటికీ తీరని బాధ.

భారతదేశంలో గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది, కానీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, వ్యక్తులు సొంత లేదా ఇంటి అవసరానికి చేసే నమోదుకు వర్తించదు. కాబట్టి వంటగదిలో కెమెరా ఉందని పనిమనిషికి ముందే చెప్పడం, ఆమె బట్టలు మార్చుకునే చోట దానిని పెట్టకపోవడం ఇంటివారే పాటించవలసిన బాధ్యతలు. వాటిని ఎగ్గొట్టిన ఇంట్లో ఈ కెమెరా నేరస్థుడిని కాక, కూలికి వచ్చిన మనిషిని కాపలా కాస్తోంది.