మా కౌంటరు తిరిగిన రోజులు

మొన్న మా మనవడు కంచం పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని, పప్పన్నం కలుపుకుంటూ ఒక వెబ్‌సైటు పెట్టేశాడు. వాళ్ళ నాన్న స్నేహితుడెవరో ఊరగాయలు అమ్ముతాడట, ఆయన కోసం. పెరుగన్నంలోకి వచ్చేసరికి "అయిపోయింది తాతయ్యా" అన్నాడు. ఆవకాయ జాడీకి వాసెన కట్టడానికే మా ఇంట్లో అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. ఇహ ఆ సైటుకి విలువేముంటుంది చెప్పు నాయనా?

నువ్వూ వాడి ఈడువాడివే అయ్యుంటావు. ఆ ఫోను కాస్త బోర్లా పెట్టి కూర్చో.

1999లో నేనూ ఒక సైటు పెట్టాను. నా దగ్గర పాత సినిమా పాటల పుస్తకాలు నాలుగు వందల పైచిలుకు ఉండేవి. హాలు బయట అమ్మేవారు, పల్చటి కాగితం, కథ సగం చెప్పి మిగతాది తెర మీద చూసుకోమని ఆపేసేవి. వాటి జాబితా, అట్టల బొమ్మలు, అంతే నా సైటు. దానికి ఆరు వారాలు పట్టింది. ఇంట్లో టైపు చేసి, ఫ్లాపీలోకి ఎక్కించి, చొక్కా జేబులో పెట్టుకుని బెజవాడ గవర్నరుపేట నెట్ సెంటరుకి పోతే, అక్కడి కంప్యూటరు ఆ ఫ్లాపీని చదవనని మొరాయించేది. మళ్ళీ ఇంటికి, మళ్ళీ సిటీబస్సు. గంటకి యాభై రూపాయలు. మా ఆవిడ ఆ డబ్బుకి ఏమేం వచ్చేవో ఇప్పటికీ లెక్క చెబుతుంది.

సరే, పేజీలు పెట్టాం. ఉత్త పేజీలంటే గోడ మీద వాల్‌పోస్టరు లాంటివి. దారిన పోయేవాడు చూసి పోవాలి, అంతే. ఎంతమంది చూశారో తెలియాలన్నా, వచ్చినవాడి చేత నాలుగు ముక్కలు రాయించుకోవాలన్నా స్క్రిప్టు ఉండాలి. ఆ స్క్రిప్టులు ఎక్కడ దొరికేవనుకున్నావు? అమెరికాలో, కొలరాడోలో, మ్యాట్ రైట్ అని ఒక హైస్కూలు కుర్రాడు 1995లో ఓ భాండాగారం తెరిచాడు. కౌంటరు, గెస్ట్‌బుక్, ఫారం నింపితే మనకి మెయిలు కొట్టేది, అన్నీ పెర్ల్ అనే భాషలో రాసి ఊరికే పంచిపెట్టాడు. పైనున్న తన పేరు మాత్రం చెరపొద్దన్నాడు. మేం చెరపలేదు. అన్నం పెట్టినవాడి పేరు చెరుపుతామా?

ఊరికే ఇచ్చాడు కదా అని ఊరికే పనిచేస్తుందా? మొదటి వరసలో పెర్ల్ సర్వరులో ఎక్కడ కాపురముందో దాని చిరునామా రాయాలి. దాన్ని సీజీఐ-బిన్ అనే ఫోల్డరులోనే పెట్టాలి. పెట్టాక 755 అని హక్కులివ్వాలి. 7 అంటే సొంతదారుడికి చదవటం, రాయటం, నడపటం మూడూ. 5 అంటే మిగతా ఊరికి చదవటం, నడపటం మటుకే, చెయ్యి పెట్టకూడదు. మా ఇంటి సర్వే నంబరు నాకు ఈనాటికీ నోటికి రాదు గానీ, నిద్రలో లేపి అడిగినా 755 చెబుతాను.

ఇంకొకటుంది. బొమ్మల్ని బైనరీ పద్ధతిలో ఎక్కించాలి, స్క్రిప్టుని ఆస్కీ పద్ధతిలో. మరిచిపోయి స్క్రిప్టునీ బైనరీలో ఎక్కించామో, ప్రతి వరస చివరా విండోస్ దాచిపెట్టే ఒక కనపడని గుర్తు కూడా దాంతోపాటు సర్వరుకి పోయేది. పెర్ల్ చిరునామా తోకకి అది అంటుకునేసరికి, ఆ ఇంట్లో అలాంటివాళ్ళెవరూ లేరనుకునేది సర్వరు. తెర మీద 500 అని అంకె, ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్ అని ముక్తసరిగా ఒక మాట. ఎందుకో చెప్పదు. ఆ కనపడని గుర్తు కోసం నేను మూడు ఆదివారాలు వెతికాను. దొరికిన రోజున నెట్ సెంటరులో ఉన్నవాళ్ళందరికీ టీ ఇప్పించాను. మీకు ఏ గుర్తు దొరికితే టీ ఇప్పిస్తారు?

కౌంటరు తిరిగింది! కారు కిలోమీటర్ల మీటరులా నల్లటి పలకల మీద తెల్లటి అంకెలు, ఒక్కో అంకే ఒక్కో బొమ్మ. పొద్దున 7 ఉండేది, సాయంత్రానికి 19. అందులో పది నేనే. పన్నెండేమో. పేజీ మళ్ళీ తెరిస్తే చాలు, కౌంటరు పాపం ఎవరొచ్చారని చూడదు కదా.

కౌంటరని నవ్వకు. రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన 1994లో, నెట్‌లో పెట్టిన తన బయోడేటాని ఎవరు చూస్తున్నారో తెలుసుకుందామని నాలుగు పనిముట్లు రాసుకున్నాడు. ఆ పనిముట్లే పెరిగి పెద్దవై పీహెచ్‌పీ అయ్యాయి. పర్సనల్ హోం పేజ్, అదీ దాని అసలు పేరు. ఇవాళ లోకంలో నూటికి నలభైకి పైగా సైట్లని నడిపిస్తున్న మీ వర్డ్‌ప్రెస్ ఆ పీహెచ్‌పీ మీదే నిలబడింది. అంటే ఆ వర్డ్‌ప్రెస్‌తోనే పెట్టిన మా మనవడి ఊరగాయల సైటు పునాది తవ్వితే అడుగున మా కౌంటరు లాంటిదే బయటపడుతుంది. ఈ మాట వాడికి చెబితే "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" నాకు తెలుసు. మా నాన్న గ్రామఫోను గురించి చెప్పినప్పుడు నేనూ అలాగే అన్నాను.

సైటు పెట్టగానే సరా, పదిమందికీ తెలియాలి. లింక్‌ఎక్స్ఛేంజ్ అని 1996లో టోనీ షే, ఆయన స్నేహితుడూ మొదలుపెట్టిన ఏర్పాటొకటి ఉండేది. వాళ్ళిచ్చే ముక్క మన పేజీలో అతికిస్తే చాలు. మనం పక్కవాళ్ళ బ్యానరు రెండుసార్లు చూపిస్తే, మన బ్యానరు ఇంకెక్కడో ఒకసారి చూపిస్తారు. మిగిలిన ఒకటీ వాళ్ళు ప్రకటనలకి అమ్ముకుంటారు. ధాన్యం మరకి ఇస్తే తవుడు వాళ్ళే ఉంచుకున్నట్టు. నేను చేరేసరికే దాన్ని మైక్రోసాఫ్ట్ 26.5 కోట్ల డాలర్లిచ్చి కొనేసింది. ఆ తవుడు అంత పలికిందన్నమాట! నా వాటాకి మాత్రం బ్రెజిల్ నుంచో ఎక్కణ్ణుంచో ఒకాయన వచ్చి, తెలుగక్షరాలు చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

అన్నట్టు తెలుగక్షరాలంటే మరో కథ. ఒక్కో సైటుది ఒక్కో ఫాంటు. వచ్చినవాడు ముందు ఫాంటు దింపుకుని, ఎక్కించుకుని, అప్పుడు చదవాలి. లేకపోతే అంతా పిచ్చిగీతలే. అయినా వచ్చినవాళ్ళు ఓపిగ్గా దింపుకుని చదివేవారు. ఇప్పుడు యూనికోడ్ వచ్చి ఏ ఫోనులోనైనా తెలుగు ముత్యాల్లా కనపడుతోంది, చదివేవాడే లేడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేనంటాను. లేదని మా అబ్బాయి అంటాడు. వాడి మాటే నిజమేమో, కానీ ఒప్పుకోను.

డైరెక్టరీలని ఉండేవి. యాహూ డైరెక్టరీలో సైట్లని మనుషులు చూసి చేర్చేవారు. 1998లో పుట్టిన ఓపెన్ డైరెక్టరీని స్వచ్ఛంద సేవకులు నడిపేవారు. దాన్నీ 2017లో మూసేశారు. మనం అర్జీ పెట్టుకోవాలి, ఎవరో ఒక మనిషి కూర్చుని మన సైటు చూడాలి, బాగుంటే చేర్చాలి. ఒకదాంట్లో నా పేరు ఎక్కడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఎక్కిన రోజున ఆ పేజీ ప్రింటు తీయించి ఫ్రేము కట్టించాను. ఇప్పటికీ బీరువా వెనక ఉంది.

మేమేదో సత్యహరిశ్చంద్రులమని చెప్పటం లేదు. పేజీ తలకాయలో కీవర్డులని పెట్టే చోట ఘంటసాల పేరు నలభైసార్లు రాశాను. అది చాలక, పేజీ అడుగున తెల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలతో మరో నలభై. మనిషికి కనపడవు, సెర్చింజనుకి కనపడతాయి. ఆ రోజుల్లో అందరూ చేసేవారు, దాన్ని తెలివి అనేవాళ్ళం. ఆ కీవర్డుల్ని అసలు చూడనే చూడమని గూగుల్ 2009లో బాహాటంగా చెప్పేసింది. పోనీ, ఘంటసాల పేరు రాసుకున్నానుగా, పుణ్యమైనా దక్కుతుంది.

గెస్ట్‌బుక్ సంగతి చెప్పకపోతే ఈ కథకి ఉప్పు లేదు. డల్లాస్ నుంచి ఒకావిడ రాసింది: 'మాయాబజార్' పాటల పుస్తకం వాళ్ళ నాన్నగారు పెట్టెలో దాచుకునేవారట, వరదల్లో పోయిందట, అట్ట బొమ్మ చూసి ఏడ్చిందట. నేనా పుస్తకం మొత్తం స్కాన్ చేయించి పంపాను. ఒక్క మనిషి! ఆ ఒక్క మనిషి కోసం మూడు ఆదివారాలేం ఖర్మ, ముప్పై ఆదివారాలైనా వెతకొచ్చు. తర్వాత తర్వాత గెస్ట్‌బుక్ నిండా జూదం లింకులూ, మాత్రల లింకులూ నిండిపోయి ఆవిడ రాసిన నాలుగు వరసలూ ఎక్కడో అడుగుకి పోయాయి. దానికి తోడు నా దగ్గరున్న మెయిలు స్క్రిప్టు పాతది, మార్చుకోమని ఎంతోమంది చెబుతున్నా నేను పట్టించుకోలేదు. ఎవడో దాంట్లో దూరి, నా సైటు మీదుగా ఊరూ పేరూ తెలియని వేలమందికి మగతనం మాత్రల ఉత్తరాలు పంపాడు. సైటు వారం రోజులు మూతపడింది. తప్పు నాదే. అప్పట్లో నేను రోజూ విష్ణుసహస్రనామం చదివేవాణ్ణని కూడా మనవి చేసుకుంటున్నాను.

ఇప్పుడో? మా మనవడి సైటు తెరిస్తే ఆవకాయ కనపడే లోపల కుకీలకి ఒప్పుకుంటారా అని ఒకటి, మెయిలివ్వండని ఒకటి, నోటిఫికేషన్లు పంపమంటారా అని ఒకటి, మూల నుంచి నవ్వుతూ ఒక బొమ్మ. పెళ్ళింటికి వెళితే గుమ్మంలో పన్నీరు చల్లుతారు గానీ, చదివింపుల పుస్తకం మొహాన పెడతారా? ఇవన్నీ ప్లగిన్లట. యాభై వేలకి పైగా ఉన్నాయట. ఒక్కటి విప్పి చూశావుట్రా అంటే, ఎందుకు తాతయ్యా అన్నాడు.

నా సైటులో మాత్రం మంచు కురిసేది, అదొప్పుకుంటాను. బెజవాడలో రోహిణీకార్తె ఎండలో, పాటల పుస్తకాల మీద నిలువునా మంచు. మౌసు వెనకాల నక్షత్రాల తోక. కుడిబటన్ నొక్కితే "కాపీ కొట్టడం నేరం" అని హెచ్చరిక. ఆ హెచ్చరిక స్క్రిప్టు నేను వేరేవాళ్ళ సైటు నుంచి కాపీ కొట్టిందే.

మొన్న వాడు నన్ను కూడా ఓ వ్యాసం రాయమన్నాడు, మాగాయ గురించి. రాసిచ్చాను. ఏదో ప్లగిన్ దాన్ని చదివి ఎర్రదీపం వెలిగించింది. వాక్యాలు పొడుగట. పచ్చదీపం వెలిగే దాకా తెగ్గొట్టాలట. మాగాయ ఎండబెట్టటానికే మూడు రోజులు పడితే, దాని గురించి పొట్టి వాక్యం ఎలా రాస్తాం? నేను తెగ్గొట్టనన్నాను. వాడు ఆ ప్లగిన్ పీకేశాడు. మంచి పిల్లాడే.

"ఇంకేమైనా కావాలా తాతయ్యా?" అన్నాడు.

"అడుగున ఒక కౌంటరు పెట్టు. నల్ల పలకలు, తెల్ల అంకెలు."

"ఎవరొచ్చారో, ఎక్కణ్ణుంచొచ్చారో, ఎంతసేపున్నారో అన్నీ నాకు లోపల కనపడతాయి. బయటికెందుకు?"

"వచ్చినవాడికి కనపడాలిరా."

వాడు నిట్టూర్చి టక్కుటక్కుమని ఏదో కొట్టాడు. "సరే. సున్నా నుంచి మొదలుపెట్టనా?"

"పిచ్చివాడా, సున్నా నుంచి ఎవడైనా పెడతాడా? 1500 నుంచి పెట్టు."