ఐసీ సంజీవని: ఒక రిపేరు చీటీకి టీకా తాత్పర్యములు

మూలము: ఔట్‌పుట్ బరాబర్ నహీ. ఐసీ ఖరాబ్. బోర్డ్ చేంజ్.

అవతారిక. సూరత్ నగరమున లింబాయత్ ప్రాంతమందు రేకుల షెడ్డులో ఎంబ్రాయిడరీ మిషను నడుపుకొను నా మేనల్లుని కంట్రోల్ పెట్టెలోని ఒక చిన్న బోర్డును పరీక్షించి, రిపేరు దుకాణపు పెద్దమనిషి స్వహస్తముతో చీటీపై రచించిన సూత్రత్రయమిది. గ్రంథకర్త పేరు చెప్పకుండుటయే మర్యాద. సంతకము మాత్రము మూలముకన్న పెద్దది. దారము తెగినపుడు మిషనును ఆపు సెన్సర్లకు ఐదు వోల్టులు అందించుట ఆ బోర్డు వృత్తి. దారము తెగకయే మిషను మాటిమాటికి ఆగుచుండుట కథావస్తువు. "ఐసీ పోయిందంట మామా, కొత్త బోర్డుకు పన్నెండు వేలంట" అని వాడు ఆ చీటీ తెచ్చి నా చేతిలో పెట్టుట ఈ వ్యాఖ్యకు నిమిత్తము.

మెదకు సీమలోని కొల్చారమువాడైన మల్లినాథసూరి, దుర్వ్యాఖ్యల విషమునకు మూర్ఛిల్లిన కాళిదాసు వాక్కును బ్రతికించుటకని తన టీకకు సంజీవని అని పేరు పెట్టెను. మగ్గాల పని వెంట తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన పద్మశాలీల వీధిలో కూర్చుని ఆయన పేరెత్తే హక్కు నాకు కొంత ఉందనుకుంటాను. ఇక్కడ మూర్ఛిల్లినది కవివాక్కు కాదు, ఎల్ఎం317 అను మూడు కాళ్ల రెగ్యులేటరు. నిజానికి అదీ మూర్ఛపోలేదు. పోయిందని రాశారంతే.

ప్రతిపదార్థము. సులభము గనుక విడువబడినది.

సూత్రగుణ విచారము. సూత్రము అల్పాక్షరమై ఉండవలెనని శాస్త్రము. అరమాత్ర ఆదా చేసిన వైయాకరణునికి కొడుకు పుట్టినంత సంబరమని పెద్దలందురు. మన సూత్రకారుడు అరమాత్రతో తృప్తిపడక ఏకముగా అంకెనే ఆదా చేసినాడు. "బరాబర్ నహీ" అన్నాడు, ఎంత వచ్చినదో అనలేదు. ఐదుకు నాలుగు వచ్చినా బరాబరు కాదు, ఆరు వచ్చినా కాదు, ఒకటింబావు వచ్చినా కాదు, పది వచ్చినా కాదు. ఈ నాలుగు రోగాలూ నాలుగు వేరు వేరు చోట్ల పుడతాయి. మీటరు చేతిలో ఉంది, అంకె తెర మీద ఉంది, పెన్ను జేబులో ఉంది. రాయడానికి అడ్డమేమిటి? అంకె రాస్తే ఎదుటివాడు అడుగుతాడు. "ఖరాబ్" అని రాస్తే దండం పెట్టి డబ్బు కడతాడు.

పదార్థ స్వరూపము. ఐదు వోల్టులనగా ఏమిటో 317కు తెలియదు. దానికి తెలిసినది ఒక్కటే: ఔట్‌పుట్ కాలికిని అడ్జస్ట్ కాలికిని నడుమ 1.25 వోల్టులు నిలుపుట. తక్కినదంతయు దాని పక్కన కూర్చున్న రెండు రెసిస్టర్ల పని. ఈ బోర్డులో పైది 1,000 ఓములు, కిందది 3,000 ఓములు. పైదాని మీద 1.25, కిందదాని మీద దానికి మూడింతలు, కలిపి ఐదు. అడ్జస్ట్ కాలి నుంచి కారే 50 మైక్రో ఆంపియర్లు కింది రెసిస్టరులో దిగుతూ మరో 0.15 కలుపుతాయి. కనుక ఆరోగ్యముగా ఉన్నపుడు ఈ బోర్డు ఇచ్చేది 5.15. ఒకటింబావు చుట్టుపక్కల వస్తుంటే కింది రెసిస్టరు షార్టయినట్టో, పైది తెగినట్టో. ఇన్‌పుట్‌కు రెండు వోల్టుల దూరంలోకి ఎగబాకితే దానికి తలకిందులు. అంకె చూస్తేనే దొంగ ఏ ఇంట్లో ఉన్నాడో సగం తెలిసిపోతుంది. సూత్రకారుడు దాచినది ఆ అంకెనే.

ఆ 1.25 ఎక్కడిదని శిష్యుడు ప్రశ్నించునేని వినుము. శిష్యుడు ప్రశ్నింపలేదు, అయినను చెప్పెదను. సిలికాన్ సంధి మీద నిలుచు వోల్టేజీ 0.6 ప్రాంతము. వేడి ఒక్క డిగ్రీ పెరిగిన అది సుమారు రెండు మిల్లీవోల్టులు తగ్గును. అట్టిదానిని నమ్మి కొలత పెట్టుకొనుటెట్లు? అయితే ఒకే పోలికగల రెండు ట్రాన్సిస్టర్లలో వేరువేరు సాంద్రతతో కరెంటు పారించిన, ఆ రెండింటి వోల్టేజీల నడుమనున్న తేడా వేడితో పాటు పెరుగును. తగ్గుదానికి పెరుగుదానిని తగిన పాళ్లలో హెచ్చించి కలిపితే మొత్తం ఎండకూ చలికీ కదలదు. ఆ మొత్తము 1.2 వోల్టుల చేరువ. అది ఎవరో ఎంచుకున్న అంకె కాదు, పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర సిలికాన్ పదార్థపు స్వభావమే ఆ అంకె. ఆహా! వేడికి కుంగేదొకటి, వేడికి పొంగేదొకటి, రెండూ ఒకే రాయిలో! ఏ ఆలంకారికుడు దీనికి పేరు పెట్టగలడు?

1964లో ఫెయిర్‌చైల్డ్‌లో ఉండిన హిల్బిబర్ ఈ దారి చూపెను. 1969లో నేషనల్ సెమీకండక్టర్‌లో బాబ్ విడ్లర్ దానిని ఎల్ఎం109 అను ఐదు వోల్టుల రెగ్యులేటరులోనికి దింపెను. ఈ విడ్లర్ మహాశయుని చరిత్రము వేరుగా ఒక ప్రబంధము. 1970లో ఖర్చులు తగ్గించుకుంటూ కంపెనీవారు ఆఫీసు ముందర గడ్డి కోయించడం మానేస్తే, ఆయన ఒక గొర్రెను తెచ్చి ఆ గడ్డిలో వదిలాడు. యాజమాన్యానికి మహజరు సమర్పించే పద్ధతుల్లో ఇంతకన్న నిండైనది నేను వినలేదు. తరువాత అదే కంపెనీలో బాబ్ డాబ్కిన్ 317ను కల్పించెను. మూడే కాళ్ల ఒక్క ఐసీతో కావలసిన వోల్టేజీ తెచ్చుకొనునట్లు చేసినది ఆయన. ఆ నేషనల్‌ను 2011లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు కొనిరి. 317 మాత్రము నేటికిని తయారగుచునే యున్నది, కొద్ది రూపాయలకు దొరకుచునే యున్నది. లింబాయత్‌లో మే నెల రేకుల కింద, మూత బిగించిన పెట్టెలో, ఆ 1.25 అటూ ఇటూ ఒక శాతం కదిలితే గొప్ప. అంత నిష్ఠగలదానిని పట్టుకొని...

ఏమి చెప్పుచుంటిని? చీటీ. అవును.

పూర్వపక్షము. "మీటరు మీద ఆరు దాటి చూపించిండు మామా, నేను నా కండ్లతో చూసిన" అని మేనల్లుడు. ప్రత్యక్ష ప్రమాణము గనుక కాదనరాదు. ఆరు వచ్చినమాట నిజమే. ఎక్కడ వచ్చినది? మిషను నుంచి ఊడదీసి, దుకాణపు బల్ల మీద, సెన్సర్ల తీగ తగిలించకుండా కొలిచినప్పుడు. ఔట్‌పుట్ నుంచి కొంత కరెంటైనా లాగేవారుంటేనే 317 అదుపులో ఉంటుంది. మామూలుగా 3.5 మిల్లీఆంపియర్లు చాలు, కొన్ని చిప్‌లకు పది వరకు కావాలి. పై రెసిస్టరు 240 ఓములో, ఇంకా తక్కువో పెట్టమనేది అందుకే. ఇక్కడ బోర్డు చేసినవాడు వెయ్యి పెట్టి, ఆ భారమేదో సెన్సర్లు మోస్తాయిలే అనుకున్నాడు. మిషనులో మోస్తాయి కూడా. బల్ల మీద మోసేవారు లేరు. రెసిస్టర్ల దారిన పోయేది 1.25 మిల్లీఆంపియర్లే. వోల్టేజీ పైకెక్కక ఏం చేస్తుంది?

ఇందులో రసమేమన, మిషనులో రోగము దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ వచ్చునది ఐదుకు మించి కాదు, 4.3. తక్కువైనందుకు సెన్సర్లు తడబడుతుంటే, ఎక్కువైందని ఐసీకి శిక్ష వేశారు. "బరాబర్ నహీ" అనే మాటలో రెండూ ఇమిడిపోయాయి. శ్లేష అంటే ఇది.

సిద్ధాంతము. బోర్డు మిషనులోనే ఉండగా, తీగలన్నీ తగిలి ఉండగా, రెగ్యులేటరు కాళ్ల మీదనే కొలిచాను. ఔట్‌పుట్‌కూ అడ్జస్ట్‌కూ నడుమ 1.25 ఉండవలసిన చోట 1.04. అంటే రెసిస్టర్ల లెక్క సరిగానే ఉంది, 317కే కూడు అందడం లేదు. ఇన్‌పుట్ చూస్తే సుమారు ఎనిమిది. ఇక్కడ మరల పూర్వపక్షి లేచును: ఐదుకు పైన రెండు వోల్టులుంటే చాలునందురు గదా, ఎనిమిది ఏడుకన్న ఎక్కువ గదా అని. వత్సా, మీటరు చూపే ఎనిమిది సగటు. బ్రిడ్జి దాటిన కరెంటు సెకనుకు నూరుసార్లు లేచి పడుతుంది. పడినప్పుడు పట్టుకోవలసినది 317 ముందున్న 1,000 మైక్రోఫారడ్ల కెపాసిటరు. మీటరును ఏసీ వైపు తిప్పి అక్కడే పెట్టాను. మిల్లీవోల్టుల్లో ఉండవలసిన చోట వోల్టులు వోల్టులుగా ఊగుతోంది. కెపాసిటరు తల ఉబ్బలేదు. కింద అంచున మాత్రం గోధుమరంగు జిగురు ఎండి అట్టకట్టింది. వేలు ఆనిస్తే ఊడబోయే పన్నులా కదిలింది. దాన్ని హీట్‌సింకుకు ఆనించి పెట్టిన మహానుభావుడెవరో! పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమయ్యే వస్తువు అది.

కొత్త కెపాసిటరు, పాతదానికన్న ఎక్కువ వోల్టేజీ తట్టుకునేది, 105 డిగ్రీలదని ఒంటి మీద రాసి ఉన్నది, కొంచెం ఎడంగా వంచి అతికించాం. ఔట్‌పుట్ 5.1. మిషను ఆగలేదు. ఐసీ పాతదే.

పాఠాంతరములు. 317కు మారుగా 7805 అను పాఠమును కొందరు రిపేరుకర్తలు ఆదరింతురు. "అదీ ఐదే కదా" అని వారి హేతువు. అక్షరాలు కనబడేలా ముందుంచుకుని ఎడమ నుంచి చదివితే 317 కాళ్లు అడ్జస్ట్, ఔట్‌పుట్, ఇన్‌పుట్. 7805 కాళ్లు ఇన్‌పుట్, గ్రౌండ్, ఔట్‌పుట్. వీపు రేకు 317కు ఔట్‌పుట్, 7805కు గ్రౌండ్. ఈ పాఠమును గ్రహించినచో అర్థము చెడుటయే గాక పొగ కూడ వచ్చును. ఇక బజారులో పేరు చెరిపి వేరే పేరు అచ్చేసిన చిప్‌లు ప్రక్షిప్తములు. వాటిని గూర్చి మౌనము.

సూరత్ విశేషము. బోర్డు మీద జరీ తుక్కు పేరుకుని ఉంది. ఈ ఊరి ఇమిటేషన్ జరీకి లోపల రాగి తీగ. 317 మొదటి కాలికీ నడిమి కాలికీ మధ్య ఒక్క ముక్క అడ్డంపడితే, ఐసీ తన 1.25ను వెదుక్కుంటూ గేట్లన్నీ తెరిచేస్తుంది. అప్పుడు సెన్సర్ల నెత్తిన తొమ్మిది పడుతుంది. పెయింటు బ్రష్షుతో తుడిచి, బోర్డు కింద కూడా చూడాలి. ఈ మాట చెప్పడానికి చీటీలో ఇంకా చోటుంది. సంతకం కొంచెం చిన్నదైతే.

తాత్పర్యము. ఎంబ్రాయిడరీ కూలి వెయ్యి కుట్లకు ఇంతని. మిషను నిలిచిన గంటకు కుట్లు లేవు, కూలి లేదు, షెడ్డు కిరాయి మాత్రం ఉంది. పన్నెండు వేలు సంపాదించాలంటే ఎన్ని వేల వేల కుట్లు పడాలో మా వాడికి తెలుసు, ఆ పెద్దమనిషికీ తెలుసు. తెలియక చేసిన పొరపాటైతే నేను ఇంత టీక రాసేవాణ్ణి కాను. మీటరు పట్టుకున్నవాడు, టంకం పెట్టగలవాడు, ఇన్‌పుట్ కాలి మీద ఒక్కసారి ముల్లు ఆనించకుండా "ఖరాబ్" అనగలగడమే నాకు మంట. ఆ మాట అనేటప్పుడు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడట కూడా.

చీటీ అడుగున సన్నని అక్షరాలలో నాలుగవ సూత్రమొకటి అచ్చై యున్నది: పురానా బోర్డ్ వాపస్ నహీ మిలేగా. ఇది సూత్రకారునిది కాదు, ముద్రాపకుని చేర్పని కొందరందురు. నా మతమున గ్రంథమునకంతకు ప్రయోజనము ఇదియే, పై మూడును దీనికి పీఠిక. కొత్త బోర్డు కొని ఉంటే పాతది ఆ దుకాణంలోనే ఉండిపోయి, చిల్లర ఖరీదు కెపాసిటరొకటి వేయించుకుని, ఇంకొక షెడ్డుకు రీకండిషన్ బోర్డుగా వెళ్లేదని నా అనుమానం. ఈ చీటీకి ఏమిచ్చావని మా వాణ్ణి అడిగితే, "చూసిన ఛార్జి ఐదొందలు ఇచ్చిన మామా, దానికి రసీదు ఇయ్యలే" అన్నాడు.