సున్నా ఎక్కడ సారూ?

బార్ చార్టు సున్నా నుంచి మొదలవ్వాలన్నది డేటా డిజైన్‌లో ఓనమాలు. మన సమీక్షా సమావేశాల్లో అది 90 దగ్గర మొదలవుతుంది. నిరుడు 92, ఈ ఏడు 94. పెరిగింది రెండే, తెర మీద కడ్డీ మాత్రం రెట్టింపు! చప్పట్లే చప్పట్లు. ఫిర్యాదుల వంతు వచ్చేసరికి సున్నా గుర్తొస్తుంది, స్కేలు లక్ష దాకా సాగుతుంది. పాపం, ఫిర్యాదులు నేలకు కరుచుకుపోయి కనబడవు.

1801లో విలియం ప్లేఫెయిర్ మొదలుపెట్టిన గుండ్రటి పై (pie) చార్టుకూ ఇదే గతి. 2009లో ఫాక్స్ షికాగో చానెల్ ముగ్గురు రిపబ్లికన్ నేతల మద్దతును 70, 63, 60 శాతమంటూ ఒకే చక్రంలో ఇరికించింది. మొత్తం 193! మనవాళ్లు అంత అమాయకులా? స్లయిడులో రంగులే వేస్తారు, అంకెలు వేయరు. కూడి చూడండి మరి!