సెలోటేపు అతికించిన కాసెట్

ఘంటసాల గొంతు గది నాలుగు మూలల నుంచీ వినపడితేనే దానికి న్యాయం జరిగినట్టు అని ఒకప్పుడు గట్టిగా నమ్మాను. ఆ నమ్మకంతో చాలా పనులు చేశాను. వాటిలో ఒకటి ఇక ఎవరూ బాగుచేయలేనిది.

హన్మకొండ చౌరస్తా దగ్గర నాకు కాసెట్ రికార్డింగ్ దుకాణం ఉండేది. పాటల లిస్టు కాగితం మీద రాసిచ్చి, ఖాళీ కాసెట్ చేతిలో పెట్టి, "రేపటికల్లా అయితదా అన్నా" అని అడిగే రోజులవి. కాసెట్ ఒకవైపు అయిపోయే వేళకు చివరి పాట సగంలో తెగకుండా నిమిషాల లెక్క చూసుకోవడమే మా పనితనం. గిరాకీలో పెద్ద భాగం ఘంటసాలదే: సినిమా పాటలు, పద్యాలు, భగవద్గీత. కాజీపేట వైపు నుంచి ఆర్‌ఈసీ (ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీ) హాస్టల్ పిల్లలు కూడా వచ్చేవాళ్లు. దేశం నలుమూలల నుంచి వచ్చి చదివే ఆ పిల్లల దగ్గర నాకు పేర్లయినా తెలియని రాక్ బ్యాండ్ల కాసెట్లు ఉండేవి. అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా పేరు నేను మొదట విన్నది వాళ్ల నోటనే.

ఆ పిల్లల్లో ఒకతను తర్వాత అమెరికాలో స్థిరపడ్డాడు. 2002లో ఆర్‌ఈసీ కాస్తా ఎన్‌ఐటీ అయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు అతను ఊళ్లోకి వచ్చినప్పుడు నన్ను వెతుక్కుంటూ వచ్చి ఒక డిస్కు చూపించాడు. పేరు 'క్వాడియోఫిలియాక్'. జప్పా 1993 డిసెంబర్ 4న క్యాన్సర్‌తో పోయాడు. 1970లలో నాలుగు స్పీకర్ల కోసం చేసి పెట్టుకున్న మిక్సులను, ఆయన పోయిన పదకొండేళ్లకు, 2004లో కుటుంబం డీవీడీ-ఆడియోగా బయటికి తెచ్చింది. నేను అప్పుడే ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టుకుని ఉన్నాను. గది మధ్యలో కుర్చీ వేసుకుని ఇద్దరం విన్నాం. వాద్యాలు ముందు నుంచీ వెనక నుంచీ వస్తున్నాయి. ఆ సంగీతం నాకు పెద్దగా ఎక్కలేదు. కానీ చనిపోయిన మనిషి తన బృందం మధ్యలోకి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టినట్టు అనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయనకు జరిగింది మన ఘంటసాలకు ఎందుకు జరగకూడదు? ఎవరూ చేయకపోతే నేనే చేస్తాను అనుకున్నాను.

నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది అడగలేదు. ఆ డిస్కు అలా మోగడానికి వెనక ఏముంది?

జప్పా తన కచేరీలనూ, స్టూడియో పనినీ ఏళ్ల తరబడి టేపుల మీదకు ఎక్కించి లాస్ ఏంజిలెస్‌లోని ఇంటి నేలమాళిగలో దాచుకున్నాడు. స్టూడియో టేపు మీద గిటార్ ఒక ట్రాక్, డ్రమ్స్ ఇంకో ట్రాక్, గొంతు మరో ట్రాక్, అన్నీ దేనికది విడిగా ఉంటాయి. ఏది ఏ స్పీకర్‌లోకి పోవాలో నిర్ణయించే వీలు అక్కడ ఉంది, నిర్ణయించినవాడు కూడా జప్పాయే. బతికుండగా అరవైకి పైగా ఆల్బమ్‌లు తెచ్చిన మనిషి ఆయన. పోయాక ఆ గదిలోంచి వచ్చినవి కూడా దాదాపు అన్ని ఉంటాయి. 1973 నాటి 'ఓవర్-నైట్ సెన్సేషన్'కు యాభై ఏళ్లు నిండిన 2023లో డాల్బీ అట్మాస్ మిక్స్ కొత్తగా చేశారు. దాని పక్కనే ఆనాటి నాలుగు స్పీకర్ల మిక్స్‌నూ పెట్టారు. కొత్తది వచ్చింది కదా అని పాతదాన్ని తీసెయ్యలేదు.

మన దగ్గర 1950లలో మద్రాసు స్టూడియోల సంగతి వేరు. గాయకుడు, వయొలిన్లు, తబలా, వేణువు అందరూ ఒకేసారి పాడి వాయిస్తే, అంతా కలిసి ఒకే ట్రాక్ మీదకు ఎక్కేది. కాచిన చారులోంచి చింతపండునూ ఉప్పునూ మళ్లీ విడదీయమంటే ఎలాగో, ఆ ట్రాక్‌లోంచి గొంతునూ తబలానూ విడదీయమనడం ఆ రోజుల్లో అలాగే. నేను కంప్యూటర్‌లో చేసింది విడదీయడం కాదు. బరువైన శబ్దాన్ని సబ్‌వూఫర్‌కు మళ్లించాను, అదే పాటను రవ్వంత ఆలస్యంగా వెనక స్పీకర్లకు పంపాను, పైన కొంచెం గుయ్యిమనే ప్రతిధ్వని పూశాను. వచ్చినవాళ్లకు వినిపిస్తే "అబ్బ, ఘంటసాల గుళ్లో పాడుతున్నట్టుందే" అనేవాళ్లు. ఆ మెప్పు నాకు తలకెక్కింది. భగవద్గీతను కూడా అలాగే చేశాను. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. చివరి రోజుల్లో పాడిన ఆ గీతను హెచ్‌ఎంవీ ఎల్‌పీగా విడుదల చేసేనాటికి ఆయన లేరు. తెలుగువాళ్లకు చనిపోయాక అందిన గొంతు అంటే ముందు అదే. ఈ యాభై ఏళ్లలో మన ఊళ్లలో ఎన్ని వైకుంఠ రథాల మీద అది ఒక్క మైకులోంచి వినిపించిందో! ఆ వీధిలో నిలబడ్డ వాళ్లెవరికీ ఇంకో స్పీకర్ కావాలని అనిపించి ఉండదు. ఇది నాకు అప్పుడు తట్టలేదు.

ఇక అసలు సంగతి. కాశిబుగ్గ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. భర్త బడిపంతులు, పోయి ఏడాది దాటింది. బడి వార్షికోత్సవాల్లో శ్రీకృష్ణ రాయబారం పద్యాలు పాడేవాడట. ఎవరో రికార్డు చేసిన కాసెట్ ఒకటి మిగిలింది. "సీడీ చేసియ్యి బిడ్డా, మనవలకు వినిపిస్త. కాసెట్ నీ దగ్గర్నే పైలంగ ఉండనియ్యి, మళ్లొచ్చి తీస్కపోత" అంది. కాసెట్ అంచున రికార్డింగ్‌కు అడ్డుపడే చిన్న ప్లాస్టిక్ ముక్కలు రెండుంటాయి. వాటిని విరిచేస్తే డెక్‌లో రికార్డు బటన్ దిగదు. ఆ పంతులు వాటిని రెండువైపులా విరిచి పెట్టాడు. అట్ట మీద నీలం సిరాతో తేదీ, బడి పేరు, హార్మోనియం వాయించినాయన పేరు గుండ్రటి అక్షరాల్లో రాసి ఉన్నాయి.

ఆ రికార్డింగ్‌లో హార్మోనియం తిత్తి కిర్రుమంటుంది. ఎక్కడో ఒక పసిపిల్ల ఏడుస్తుంది. పద్యానికీ పద్యానికీ నడుమ పంతులు గొంతు సవరించుకుని, "శ్రుతి కొంచెం పెంచు" అంటాడు. ఇంకోచోట మంచినీళ్లు అడుగుతాడు. గ్లాసు పెట్టిన చప్పుడు, గుక్క వేసిన చప్పుడు వినబడతాయి. ఇవన్నీ నాకు చెత్తగా కనిపించాయి. టేపు మీది సుయ్‌మనే హిస్సు పోయేదాకా తుడిచాను. నడుమ మాటలన్నీ కోసేసి పద్యాల్ని ఒకదాని వెంట ఒకటి అతికించాను. వెనక స్పీకర్లకు ప్రతిధ్వని ఇచ్చాను. హార్డ్ డిస్క్ నిండిందని, కాసెట్ నుంచి మొదట ఎక్కించుకున్న ఫైలును చెరిపేశాను. అదే వారం కారులో వినడానికి సినిమా పాటల కాసెట్ కావాలని ఒకాయన వచ్చాడు. మంచి ఖాళీ కాసెట్లు దొరకడం అప్పటికే కష్టమైంది. పంతులు విరిచిన ఆ సందుల మీద సెలోటేపు అతికించి, ఆ కాసెట్ మీదే పాటలు ఎక్కించి ఇచ్చేశాను. మంచి సీడీ అయింది కదా, ఇక దీనితో ఆమెకు ఏం పని అనుకున్నాను.

ఆమె సీడీ తీసుకెళ్లి, విని, మళ్లీ వచ్చింది. "పద్యాలు మంచిగనే ఉన్నయి బిడ్డా. పద్యాలైతే రేడియోల గూడ వస్తయి. నడుమల మా సారు నీళ్లు అడిగిండు గదా, అదేది?" అంది.

నాకు మాట రాలేదు. "పోనీ, ఆ పాత కాసెట్టే ఇయ్యి" అంది. టేపు డెక్‌లో చిక్కుకుని తెగిపోయిందమ్మా అన్నాను. అది అబద్ధం. ఆమె కాసేపు నిలబడి, "నీ తప్పేమున్నది తియ్యి" అని వెళ్లిపోయింది. ఆమెకు నిజం చెప్పకపోవడం, కాసెట్‌ను పాడుచేయడం కంటే పెద్ద తప్పు. ఆ అబద్ధాన్ని ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను.

2010 జనవరి 30న 'మాయాబజార్' రంగుల్లో విడుదలైంది. 1957 నాటి నలుపు తెలుపు సినిమాకు హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వాళ్లు రంగులు వేసి, ఒకే ట్రాక్ ఉన్న శబ్దాన్ని డీటీఎస్ 5.1కు మార్చారు. కె.వి.రెడ్డి, ఎస్వీఆర్, ఘంటసాల, సావిత్రి, ఎన్టీఆర్, వాళ్లలో ఎవరూ అప్పటికి లేరు. హాల్లో ఘటోత్కచుడి విందు దగ్గర మాధవపెద్ది సత్యం గొంతు తెర నిండా పరుచుకుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. నాకూ ఒళ్లు పులకరించింది. పాతవాటిని ముట్టుకోవడమే తప్పు అనుకునే మనిషిని నేను ఇప్పటికీ కాదు. ఆ రంగులు నచ్చనివాళ్లకు నలుపు తెలుపు మాయాబజార్ ఎక్కడికీ పోలేదు, ఈ రోజు కూడా చూడొచ్చు. పాడు చేశారని వాళ్లతో వాదించవచ్చు, నచ్చకపోతే వెనక్కి వెళ్లవచ్చు. నేను ఆ పెద్దావిడకు వెనక్కి వెళ్లే దారి లేకుండా చేశాను.

ఒక్క మైకు తక్కువదన్న నా ఆలోచన ఎంత తెలివితక్కువదో తెలియాలంటే నేను దూరం పోనక్కర్లేదు. వరంగల్ మట్టెవాడలో పుట్టిన మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారు ఒకే మైకు ముందు నిలబడి, ఒక్క నోటితో ఇంగ్లిష్ సినిమా యుద్ధాన్ని సభలోకి దింపేవారు. గుర్రాలు ఎడమ నుంచి వచ్చి కుడికి పోతున్నట్టే ఉండేది. ఆ సభల్లో కూర్చుని చప్పట్లు కొట్టినవాణ్ణి, ఇంటికొచ్చి స్పీకర్లు లెక్కపెట్టాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది 2023 నవంబర్‌లో విన్న కబురు. బీటిల్స్ బృందంలోని జాన్ లెనన్ 1970ల చివర్లో ఇంట్లో పియానో వాయిస్తూ మామూలు కాసెట్ మీద పాడుకున్న ఒక పాట ఉంది. ఆయన 1980లో హత్యకు గురయ్యాడు. 1990ల మధ్యలో మిగతా ముగ్గురు బీటిల్స్ దాన్ని పూర్తి చేద్దామని కూర్చున్నారు. గొంతూ పియానో కలిసిపోయి ఉండటంతో, గుర్రుమనే చప్పుడు పోకపోవడంతో వదిలేశారు. దాదాపు ముప్పై ఏళ్లకు యంత్రం చేత ఆ గొంతును విడిగా తీయించగలిగారు, 'నౌ అండ్ దెన్' బయటికి వచ్చింది. ఆనాడు అసాధ్యమన్నది ఈనాడు అయింది. చెత్తలా వినిపించిన ఆ కాసెట్‌ను, బాగుచేయడం చేతకాని రోజుల్లో కూడా, అలాగే దాచారు కాబట్టి అయింది. పంతులు కాసెట్ ఉండి ఉంటే, ఈ రోజు హార్మోనియం కిర్రును పక్కకు పెట్టి, ఆ గొంతునూ ఆ గుక్కెడు నీళ్ల చప్పుడునూ అట్లాగే ఆమె మనవలకు ఇవ్వగలిగేవాణ్ణి.

ఓరుగల్లులో, జనగామలో, మహబూబాబాద్‌లో ఇంకా ఎన్నో బీరువాల్లో ఇలాంటి కాసెట్లు ఉన్నాయని నాకు తెలుసు. ఒగ్గుకథలు, భజనలు, పెళ్లి పాటలు, ఇంటి పెద్దల మాటలు. కాసెట్ టేపు ఎంత జాగ్రత్తగా పెట్టినా ఏళ్లు గడిచేకొద్దీ దాని మీది పూత చెడుతుంది, వాయించే డెక్కులూ తగ్గిపోతున్నాయి. కాబట్టి ఆలస్యం చేయకండి. ముందు హిస్సు తుడవకుండా, ఏ ముక్కా కోయకుండా, ఉన్నది ఉన్నట్టు ఒక డబ్ల్యూఏవీ ఫైలుగా ఎక్కించండి. దాన్ని రెండు చోట్ల దాచండి. శుభ్రం చేయడం, స్పీకర్లకు పంచడం ఏదైనా దాని నకలు మీద చేయించండి. కాసెట్ అంచున ఆ రెండు ముక్కలు ఇంకా ఉంటే ఇవాళే విరిచేయండి. పని అయ్యాక, దుకాణం వాడు ఎంత నమ్మకస్తుడైనా, కాసెట్‌ను అడిగి ఇంటికి తెచ్చుకోండి.